మీటర్‌లో లైటు వెలిగింది, ఇప్పుడేం చేయాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు గుట్టగా పోసి చూస్తే సగానికి పైగా స్టీరింగ్ వెనకాల వెలిగే లైట్ల గురించే. అందుకని మైలేజీ ప్రశ్నలు, టైర్ల ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి ఇవాళ లైట్లే మాట్లాడుకుందాం. మొదటి జవాబు కాస్త పొడుగయింది, ఓపిక పట్టండి, ఆ ఉత్తరంలో ఉన్న పొరపాటు మనలో చాలామంది చేసేదే.

ప్రశ్న: నమస్తే సార్. మాది గుంటూరు అరండల్‌పేట. 2018 మోడల్ పెట్రోల్ కారు, రెండేళ్ల కిందట బయట సీఎన్‌జీ కిట్ వేయించాను. మూడు నెలలుగా ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వస్తోంది. మెకానిక్ దగ్గరికెళ్తే "ఏం లేదు, సెన్సర్ ఎర్రర్" అని స్కానర్ పెట్టి ఆర్పేసి ఐదొందలు తీసుకుంటాడు. వారం పది రోజులకి మళ్లీ వెలుగుతుంది. మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ కొండవీడు వెళ్తే ఘాట్ రోడ్డులో అదే లైటు ఆరుతూ వెలుగుతూ టపటపా కొట్టుకుంది, బండి కూడా వణికింది. పైకెళ్లాక మామూలే. మా బావమరిది దాని మీద స్టిక్కర్ అంటించేయమంటున్నాడు. బండి బాగానే నడుస్తోంది కదా, పట్టించుకోవాలా?

జవాబు: మీ మెకానిక్ కంటే మీ బావమరిదే నయమండి. స్టిక్కర్ అంటిస్తే లైటు కనపడదు గానీ లోపల ఉన్న సమాచారం చెక్కుచెదరదు, పైగా ఐదొందలు మిగులుతాయి. మీ మెకానిక్ మాత్రం ప్రతిసారీ ఆ సమాచారాన్నే తుడిచేస్తున్నాడు. జ్వరమొచ్చిన పిల్లాణ్ణి తీసుకెళ్తే థర్మామీటర్ విదిలించి, పాదరసం దిగింది కదా ఇంటికెళ్లండి అన్నట్టుంది ఆయన వ్యవహారం.

ఆ లైటు అసలు పని చెప్తాను. మీ బండిలో ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్ ఉంటుంది, మెకానిక్కులు ఈసీఎం అంటారు, ఈసీయూ అని కూడా అంటారు. పొగలో ఎక్కడైనా హద్దు దాటేంత తేడా వస్తోందని దానికి అనిపిస్తే ఒక కోడ్ రాసుకుని ఈ లైటు వెలిగిస్తుంది. ఇదంతా మొదలైంది కాలుష్యం కోసం. అమెరికాలో 1996 నుంచి అన్ని కార్లకీ ఓబీడీ 2 పద్ధతి, అంటే బండే తన లోపాల్ని కనిపెట్టి కోడ్‌గా చెప్పే పద్ధతి, తప్పనిసరి చేశారు, మన దగ్గర 2013 ఏప్రిల్ నుంచి వచ్చింది, అంటే మీ 2018 బండిలో నిక్షేపంగా ఉంది. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర, పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది చూడండి, స్కానర్ పెట్టేది అక్కడే.

చాలా లోపాలకి ఒక్కసారి తేడా వస్తే లైటు వెలగదు. బండి తీసి నడిపిన రెండు వేర్వేరు సార్లు అదే తప్పు కనిపిస్తేనే వెలిగిస్తుంది. మెకానిక్ ఆర్పిన కొన్ని రోజులకి మళ్లీ రావడం అందుకే, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటోంది పాపం. ఇంకో సంగతి, కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటి దాచుకుంటుంది: తప్పు జరిగిన క్షణంలో స్పీడెంత, ఇంజిన్ వేడెంత, ఆర్‌పీఎం ఎంత, లోడు ఎంత అని. కోడ్ తుడిస్తే అదీ పోతుంది. రోగం పట్టుకోవడానికి ఉన్న ఒకే ఒక్క సాక్షిని డబ్బులిచ్చి మరీ తరిమేస్తున్నారన్నమాట.

ఇక కొండవీడు దగ్గర జరిగినది. పసుపు లైటు నిలకడగా వెలిగితే, బండి మామూలుగా నడుస్తుంటే, ఒకటి రెండు రోజుల్లో చూపించుకోవచ్చు, కొంపేం మునగదు. అదే లైటు కొట్టుకుంటుంటే మాత్రం లెక్క వేరు. మన ఆటోనగర్ భాషలో చెప్పాలంటే బండి మిస్సింగ్ కొడుతోంది, ఒక సిలిండర్లో ఇంధనం మండకుండా అలాగే సైలెన్సర్‌లోకి పోతోంది. ఆ దారిలో పొగలోని విషవాయువుల్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది, లోపల తేనెపట్టులాంటి జల్లెడ, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత. మండని ఇంధనం అక్కడికెళ్లి మండితే ఆ తేనెపట్టు ఎర్రగా కాలి కరిగిపోతుంది. ఇంధనాన్ని అంటించే స్పార్క్ ప్లగ్గులు వందల రూపాయల్లో వస్తాయి, కన్వర్టర్ కొత్తది వేయించాలంటే వేలల్లో లెక్క. కాబట్టి కొట్టుకుంటున్నంతసేపు యాక్సిలరేటర్ మీద కాలు తీసి నెమ్మదించండి, అప్పటికీ ఆగకపోతే పక్కన ఆపేయండి.

మీది సీఎన్‌జీ కాబట్టి నాకు అనుమానం స్పార్క్ మీదే. గ్యాస్‌ని అంటించడానికి పెట్రోల్ కంటే గట్టి స్పార్క్ కావాలి. పాతబడిన ప్లగ్గులు, ప్లగ్గుకి కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్ నీరసించినది పెట్రోల్ మీద ఎలాగో నెట్టుకొస్తాయి, గ్యాస్ మీద, అందులోనూ ఐదుగురు కూర్చుని ఘాట్ ఎక్కుతుంటే చేతులెత్తేస్తాయి. ముందు మీరే ఒక పరీక్ష చేయండి. లైటు మామూలుగా తిరిగొచ్చే ఆ వారం పది రోజులు దాటేదాకా పూర్తిగా పెట్రోల్ మీద తిప్పండి. లైటు రాలేదంటే ఎక్కువగా గ్యాస్ కిట్ వైపు చూడాలి, దాని ఇంజెక్టర్లు, గ్యాస్ ప్రెషర్ తగ్గించే రెడ్యూసర్, ట్యూనింగ్, వాటితో పాటు ప్లగ్గులు. పెట్రోల్ మీద కూడా వచ్చిందంటే నేరుగా ప్లగ్గులు, కాయిల్స్.

తర్వాత మెకానిక్‌తో ఒకే మాట చెప్పండి, "తుడవొద్దు, ముందు కోడ్ నెంబరు కాగితం మీద రాసివ్వు". అది పి0301, 0302, 0303, 0304లో ఏదైనా అయితే చివరి అంకె సిలిండర్ నెంబరు. ఉదాహరణకి 0302 వచ్చిందనుకోండి, రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడోదాంట్లో పెట్టి, మూడోది రెండోదాంట్లో పెట్టి నడపమనండి. ఈసారి కోడ్ 0303గా మారితే కాయిల్ పోయినట్టే. మారకపోతే ప్లగ్గుకీ అదే ఆట. రూపాయి సామాను కొనకుండా దొంగ దొరికాడు. ఇలా ప్రతి సిలిండర్‌కీ విడి కాయిల్ ఉన్న బండ్లకే కుదురుతుంది లెండి, మిగతావాటికి వేరే చూడాలి. బానెట్ ఎత్తినప్పుడు వైర్లు కూడా ఒకసారి చూడమనండి. అపార్ట్‌మెంట్ సెల్లార్లో పెట్టే బండ్లకి ఎలుకలు సగం కొరికి వదిలేసిన వైర్లు నేనెన్ని చూశానో లెక్కలేదు.

ఇంకొక్క మాట, కోడ్ అంటే "ఈ సామాను మార్చు" అని కాదు. పి0420 అని వస్తే కన్వర్టర్ సరిగా పని చేయట్లేదని అర్థం, వెంటనే కన్వర్టర్ మార్చేద్దాం అంటారు కొందరు. దాని ముందొక ఆక్సిజన్ సెన్సర్, వెనకొకటి ఉంటాయి, రెండింటి లెక్కా పోల్చి చూసి కంప్యూటర్ ఆ మాట అంటుంది. వెనక సెన్సర్ చెడిపోయినా, సైలెన్సర్ పైపు ఎక్కడైనా లీకైనా ఇదే కోడ్ రావచ్చు. ఏ పరీక్ష చేసి ఆ సామాను పోయిందని తేల్చావు అని అడగండి. నీళ్లు నమిలితే ఇంకో మెకానిక్‌ని చూసుకోవడమే. రిపేరు నిజంగా అయితే లైటు తనంతట తనే ఆరిపోతుంది, సాధారణంగా వరసగా మూడుసార్లు తప్పు లేకుండా నడిస్తే చాలు. అప్పుడు తుడిచినా తప్పు లేదు.

స్కానర్ మీరే కొనుక్కోవచ్చు కూడా. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే చిన్నవి వెయ్యి రూపాయల్లోపే దొరుకుతున్నాయి. పెద్ద పనులకి పనికిరావు గానీ ఇంజిన్ కోడ్ చదవడానికి చాలు.

ప్రశ్న: విజయవాడ పటమట నుంచి రాస్తున్నానండి, స్కూల్లో టీచర్ని. రాత్రి బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఉండగా బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగింది. మర్నాడు కొత్త బ్యాటరీ వేయించాను. నాలుగు రోజులకి మళ్లీ అదే లైటు. బ్యాటరీ కూడా డూప్లికేట్ ఇచ్చారంటారా?

జవాబు: లేదమ్మా, పాత బ్యాటరీ కూడా మంచిదే అయ్యుండొచ్చు. బొమ్మ బ్యాటరీది పెట్టారు గానీ ఆ లైటు చెప్పేది ఛార్జింగ్ అందట్లేదని. ఇంజిన్ తిరుగుతున్నంతసేపు ఆల్టర్నేటర్ కరెంటు తయారు చేసి బ్యాటరీకి పంపాలి. ఆల్టర్నేటర్‌లో కార్బన్ బ్రష్షులు అరిగినా, వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ పోయినా, బెల్టు జారినా లైటు వస్తుంది. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర ఐదు నిమిషాల పని. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ మీద మీటర్ పెడితే 12.6 వోల్టులు అటూ ఇటూ ఉండాలి, స్టార్ట్ చేశాక దాదాపు 13.8 నుంచి 14.5 మధ్యకి ఎక్కాలి. ఎక్కలేదంటే ఎన్ని బ్యాటరీలు మార్చినా దండగే. కొన్ని కొత్త బండ్లలో కంప్యూటర్ కావాలనే వోల్టేజీ తగ్గిస్తుంది, ఆ విషయం తెలిసినవాడి చేత చూపించండి.

దారిలో ఈ లైటు వెలిగితే ఏసీ, పాటలు, అద్దం హీటర్ అన్నీ కట్టేసి, ఇంజిన్ మాత్రం ఆపకుండా దగ్గర్లోని షెడ్డుకి పోనివ్వండి. ఆపితే మళ్లీ సెల్ఫ్ తీసుకోకపోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి. లైటుతో పాటు స్టీరింగ్ బరువెక్కినా, టెంపరేచర్ పెరుగుతున్నా బెల్టే తెగిందని అనుమానించాలి. కొన్ని బండ్లలో నీళ్ల పంపుని తిప్పేది ఆ బెల్టే. అప్పుడు షెడ్డు దాకా అని మొండికేయకుండా అక్కడే ఆపేయాలి.

ప్రశ్న: సార్, మాది మంగళగిరి. మలుపు తిప్పినప్పుడు, గట్టిగా బ్రేక్ వేసినప్పుడు నూనె డబ్బా బొమ్మ ఎర్రగా ఒక్క క్షణం మెరిసి పోతోంది. సర్వీసుకి ఇంకా రెండు వేల కిలోమీటర్లుంది. అప్పటిదాకా ఆగొచ్చా?

జవాబు: ఆగొద్దండి. ఇది చదివిన వెంటనే లేచి వెళ్లి ఆయిల్ చూడండి. బండి చదునుగా ఉన్నచోట పెట్టి, ఇంజిన్ ఆపి పది నిమిషాలాగి, డిప్ స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. రెండు గీతల మధ్య ఉండాలి. మీది కింది గీత కూడా తాకదని నా అంచనా. అడుగున మిగిలిన కాస్త ఆయిల్ మలుపులో ఓ పక్కకి ఒరిగిపోతోంది, పంపు గాలి పీలుస్తోంది, ఆ క్షణం ప్రెషర్ పడిపోయి లైటు మెరుస్తోంది. అసలీ లైటు ఆయిల్ ఎంతుందో చెప్పదు, ప్రెషర్ ఉందో లేదో చెప్తుంది. అది వెలిగేసరికే ఆలస్యమైనట్టు.

నా సంగతే చెప్తాను, నవ్వుకోండి. చాలా ఏళ్ల కిందట గుంటూరు నుంచి వస్తుంటే కాజ టోల్‌గేట్ దాటాక ఈ లైటు వెలిగింది. ఇంకెంత, మంగళగిరి దాటి కృష్ణ మీది వారధి ఎక్కితే ఇంటికొచ్చినట్టే అనుకుని అలాగే తొక్కాను. వారధి కనిపించనేలేదు. ముందు టకటకమని చప్పుడు, తర్వాత కడుపులో ఏదో పట్టేసినట్టు ఇంజిన్ బిగుసుకుపోయింది. బండిని తాడు కట్టి లాక్కొచ్చారు, బోరు పని, క్రాంక్ పని కలిసి ఆ ఏడాది సంక్రాంతి బట్టలు ఇంట్లో ఎవరికీ లేవు. మెకానిక్ పని చేసేవాణ్ణే ఇలా చేశానని మా ఆవిడ ఇప్పటికీ ఎవరొచ్చినా ఈ కథ చెప్తుంది.

ఆయిల్ తగ్గితే అదే గ్రేడుది పోయండి, పై గీత దాటనివ్వకండి. తర్వాత ఎక్కడికి పోతోందో చూపించండి, కింద కారుతోందా, పొగలో పోతోందా అని. లెవెల్ సరిగ్గా ఉండి కూడా మెరుస్తుంటే మాత్రం స్టార్ట్ చేయకండి, మెకానిక్‌నే ఇంటికి పిలిపించి గేజ్ పెట్టి ప్రెషర్ కొలిపించండి.

ప్రశ్న: బ్రాడీపేట, గుంటూరు. 2024 చివర్లో ఒక బ్రోకర్ ద్వారా విజయవాడ బండి తీసుకున్నాను, మార్కెట్ రేటు కంటే బాగా తక్కువకే వచ్చింది. ఇప్పుడు ఏబీఎస్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు ఒకరోజు వస్తాయి, ఒకరోజు పోతాయి. వాన పడిన మర్నాడు ఖాయంగా వస్తాయి. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం చదవగానే గుండెల్లో రాయి పడిందండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లూ బండ్లూ రోజుల తరబడి నీళ్లలో ఉన్న సంగతి మీకు తెలిసిందే. అలా మునిగిన బండ్లు కడిగి పాలిష్ పెడితే చూపుకి కొత్తవే. లోపల కనెక్టర్లలో చేరిన బురద, తడి మాత్రం నెలలు గడిచాక పచ్చగా చిలుం పట్టి అప్పుడు బయటపడుతుంది. మీది కచ్చితంగా అదేనని ఇక్కడ కూర్చుని అనను, కానీ ధర, సమయం, వానకీ లైటుకీ ఉన్న లంకె, మూడూ ఒకేవైపు చూపిస్తున్నాయి.

మీరే చూసుకోవచ్చు. సీటు బెల్టు ఆఖరి దాకా లాగండి, చివర్లో మట్టి చార ఉందేమో. కింద కార్పెట్ లేపి వాసన చూడండి. స్టెప్నీ గుంటలో ఒండ్రు, సీట్ల కింద పట్టాలకి తుప్పు, ఫ్యూజ్ బాక్స్ మూలల్లో మట్టి. ఇన్సూరెన్స్ పాలసీ నెంబరు ఉంటే పాత క్లెయిము ఏమైనా ఉందేమో కంపెనీని అడగండి.

ఏబీఎస్ లైటు ఒక్కటే ఉంటే మామూలు బ్రేకులు పని చేస్తాయి, గట్టిగా తొక్కినప్పుడు చక్రం లాక్ కాకుండా కాపాడేది మాత్రం ఉండదు. ఎక్కువసార్లు చక్రం దగ్గరుండే సెన్సరో దాని వైరో కారణం. ఏబీఎస్‌తో పాటు ఎర్రటి బ్రేక్ లైటు కూడా వెలిగితే హైవే ఎక్కకండి, ముందు హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దిగిందా చూసి, తర్వాత బ్రేక్ ఆయిల్ చూడండి.

ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతోందంటే గుద్దుకున్నప్పుడు బ్యాగ్ తెరుచుకోకపోవచ్చని అర్థం. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు వదులైనా వస్తుంది కాబట్టి చిన్న పనే కావచ్చు, కానీ చేయి మీరు పెట్టకండి, టెస్ట్ బల్బు పట్టుకుని వైర్లు గుచ్చేవాడి చేత అసలు పెట్టించకండి. బ్యాగ్ పేలితే ముఖం మీదే. బ్యాటరీ తీసి కొన్ని నిమిషాలాగి ఆ పద్ధతి తెలిసినవాళ్లే ముట్టుకోవాలి.

సెకండ్ హ్యాండ్ బండి కొనబోయేవాళ్లకి ఇక్కడే చెప్పేస్తాను. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేయండి. ఇంజిన్ లైటు, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఆయిల్, బ్యాటరీ అన్నీ ఒకసారి వెలగాలి, అది వాటి హాజరు. ఇంజిన్ లైటు అసలు వెలగలేదంటే ఎవరో పీకేశారు లేదా మీటర్ లోపల నల్ల టేపు వేశారు. ఎయిర్‌బ్యాగ్ లైటు ఆయిల్ లైటుతో కలిసి వెలిగి దాంతోనే ఆరితే ఎయిర్‌బ్యాగ్ లైటు వైరుని ఆయిల్ లైటుకి కలిపేశారేమో అనుమానించండి. చిన్న స్కానర్ వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. కోడ్లేమీ లేవు గానీ బండి తనని తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూపించే రెడీనెస్ అనే పేజీలో సగం "నాట్ రెడీ" అని చూపిస్తోందంటే నిన్నో మొన్నో ఎవరో తుడిచారు, లేదా బ్యాటరీ తీశారు. బేరం ఆపి వారం తర్వాత మళ్లీ చూస్తానని చెప్పండి, అమ్మేవాడి ముఖం చూస్తే తెలిసిపోతుంది.

ప్రశ్న: బీఎస్ 6 డీజిల్ కారు, విజయవాడలో ఇంటికీ షాపుకీ తప్ప ఎక్కడికీ తిప్పను. డబ్బాలో చుక్కలున్నట్టు ఒక పసుపు లైటు వచ్చింది.

జవాబు: అది డీపీఎఫ్, పొగలోని మసి పట్టుకునే ఫిల్టర్. ఆ మసి కాలాలంటే సైలెన్సర్ బాగా వేడెక్కాలి, మీ రోజువారీ తిరుగుడుకి అది వెచ్చబడేలోపే షాపు వస్తుంది. ఆదివారం పొద్దున్నే గుంటూరు వైపో హనుమాన్ జంక్షన్ వైపో హైవే ఎక్కి అరవై పైన ఒకే వేగంతో పదిహేను ఇరవై నిమిషాలు ఆపకుండా నడపండి, చాలాసార్లు ఆరిపోతుంది. ఆరకపోతే, లేదా పికప్ పడిపోతే సర్వీస్ సెంటర్. పట్టించుకోకుండా తిరిగితే ఫిల్టర్ మొత్తం పూడుకుపోతుంది, దాని ధర ఇప్పుడే చెప్పి మీ టెన్షన్ పెంచను.

ప్రశ్న: సార్, మా నాన్నగారికి డెబ్బై ఏళ్లు, చుట్టుగుంటలో ఉంటాం. పొద్దున బండి తీయగానే నీలం లైటు వెలుగుతోందని భయపడి ఆపేసి ఆటోలో వెళ్తున్నారు. ఏం లైటది?

జవాబు: థర్మామీటర్ బొమ్మ నీలంగా ఉంటే ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని, అంతే. నిమ్మళంగా బయల్దేరితే నాలుగైదు నిమిషాల్లో ఆరిపోతుంది, ఆటో డబ్బులు మిగుల్చుకోమనండి. అదే బొమ్మ ఎర్రగా వెలిగితే మాత్రం నిజంగా ఆపాలి, వేడి తగ్గేదాకా రేడియేటర్ మూత ముట్టుకోకూడదు. ఇక థర్మామీటర్ కాకుండా లైటు బొమ్మ, దాని ముందు అడ్డగీతలు నీలంగా కనిపిస్తున్నాయంటే అది హై బీమ్. రాత్రి ఎవరో వేసి వదిలేశారు, ఎవరో మీరే కనుక్కోండి.